చూసి వచ్చినవాళ్లు చెప్పని పరలోకం

బేతనియ లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. ఈపాటికి వాసన కొడుతుంటాడని తోబుట్టువు మార్తే అంది. యేసు పిలవగానే అతను కాళ్లకూ చేతులకూ గుడ్డల కట్లతోనే సమాధిలోంచి బయటికొచ్చాడు. యోహాను సువార్త 11వ అధ్యాయం చదివాక ఎవరికైనా నోటిదాకా వచ్చే ప్రశ్న ఒకటే. ఆ నాలుగు రోజులూ ఎక్కడున్నాడు, ఏం చూశాడు? సువార్తలో దీనికి జవాబు లేదు. తర్వాతి అధ్యాయంలో లాజరు విందులో కూర్చుని ఉంటాడు. అతణ్ణి చూడ్డానికి జనం ఎగబడతారు. ప్రధాన యాజకులు అతణ్ణి కూడా చంపించాలని చూస్తారు. అతను మాత్రం ఒక్క మాట మాట్లాడడు.

నాయీను ఊరి విధవరాలి కొడుకు పాడె మీద లేచి కూర్చుని మాట్లాడసాగాడని లూకా రాశాడు. ఏం మాట్లాడాడో రాయలేదు. యాయీరు పన్నెండేళ్ల కూతురు లేచి నడిస్తే, ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు యేసు. అక్కడితో ఆ కథ అయిపోయింది. పౌలు సంగతైతే ఇంకా స్పష్టం. పద్నాలుగేళ్ల క్రితం మూడో ఆకాశం దాకా, పరదైసు లోపలికి కొనిపోబడిన ఒక మనిషి తనకు తెలుసని కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో చెబుతాడు. ఆ మనిషి తనేనని సందర్భం చూస్తే తెలిసిపోతుంది. అక్కడ విన్నవి ‘వచింప శక్యముకాని మాటలు’ అనీ, వాటిని మనుషులు పలకకూడదనీ చెప్పి ఊరుకున్నాడు. తమ దర్శనాల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లు సంఘంలో పెరిగిపోతే తప్పనిసరై ఆ ప్రస్తావన ఎత్తాడు. ఎత్తిన వెంటనే తన బలహీనత గురించి, తన శరీరంలో ఉన్న ముల్లు గురించి మాట్లాడాడు.

మరణం తర్వాత ఏముందో కళ్లారా చూసొచ్చామనే సాక్ష్యాలకు ఇవాళ లోటు లేదు. పుస్తకాలుగా వస్తున్నాయి, వీడియోలుగా వస్తున్నాయి, సభల్లో వినిపిస్తున్నాయి. పరలోకంలో ఎవరి ఇల్లు ఎంత పెద్దదో చెప్పేవాళ్లున్నారు. చనిపోయిన ఫలానా నటుడు నరకంలో ఏ గుంటలో ఉన్నాడో చెప్పేవాళ్లున్నారు. అవి చూసి రాత్రిళ్లు నిద్రపట్టని పిల్లలున్నారు. ఆత్మహత్య చేసుకున్న కొడుకు ఇప్పుడెక్కడున్నాడోనని లోలోపలే కుమిలిపోయే తల్లులున్నారు. నేను పరలోకాన్ని నమ్ముతాను, నరకాన్నీ నమ్ముతాను. నమ్ముతాను కాబట్టే, బైబిల్ ఎక్కడ ఆగిందో అక్కడ మనం కూడా ఆగాలంటున్నాను. ఆ మౌనం పొరపాటున మిగిలిపోయిన ఖాళీ అయితే ఎవరైనా పూరించొచ్చు. కావాలని పాటించిన మౌనం అయితే, దాన్ని పూరించే హక్కు ఎవరికీ లేదు.

అసలు బైబిల్ ఏం చెప్పింది? పాత నిబంధనలో చాలా భాగం వరకు చనిపోయినవాళ్లంతా, మంచివాళ్లయినా చెడ్డవాళ్లయినా, చేరే చోటు పాతాళమే. అక్కడ పనీ లేదు, ఆలోచనా లేదు, తెలివీ లేదు అంటాడు ప్రసంగి గ్రంథం రాసినవాడు. సమాధుల్లో నిద్రించేవారిలో అనేకులు మేలుకుంటారని, కొందరు నిత్యజీవానికీ కొందరు నిత్య నిందకూ లేస్తారని స్పష్టంగా చెప్పిన మాట దానియేలు 12వ అధ్యాయంలో కనిపిస్తుంది. యేసు కాలానికి యూదుల్లోనే దీని మీద ఏకాభిప్రాయం లేదు. పరిసయ్యులు పునరుత్థానం ఉందనేవారు, సద్దూకయ్యులు లేదనేవారు.

యేసు నరకం గురించి గట్టిగానే హెచ్చరించాడు. ఆయన నోట వచ్చిన గెహెన్నా అనే పేరు యెరూషలేముకు దక్షిణాన ఉన్న హిన్నోము లోయది. అక్కడ చెత్త తగలబెట్టేవారని, ఆ మంటలు ఎప్పుడూ ఆరేవి కావని ప్రసంగాల్లో తరచూ వింటుంటాం. ఈ చెత్తకుప్ప సంగతి మనకు తెలిసినంతలో మొదట చెప్పింది దావీదు కింహీ అనే యూదు పండితుడు, అదీ యేసు తర్వాత దాదాపు 1200 ఏళ్లకు. పురావస్తు ఆధారాలు కూడా ఆ మాటను బలపరచడం లేదు. బైబిల్లో ఆ లోయకున్న చరిత్ర అంతకన్నా ఘోరమైంది. తల్లిదండ్రులు తమ కొడుకుల్నీ కూతుళ్లనూ అగ్నిలో దహించిన చోటు అది. యోషీయా రాజు ఆ బలుల చోటును అపవిత్రపరిచాడు. అలా చేయమని తాను ఆజ్ఞాపించలేదనీ, అది తన మనసుకు తోచనే లేదనీ యిర్మీయా ద్వారా దేవుడు అన్న చోటు అది. పసిపిల్లల ఏడుపులు వినిపించిన లోయ పేరును యేసు తన హెచ్చరికకు వాడాడు. ఆ మాట పట్టుకుని పిల్లల్ని భయపెట్టడం ఎంత తలకిందుల పనో ఆలోచించండి.

ధనవంతుడు, లాజరు ఉపమానం కూడా ఇలాగే చేతులు మారింది. (ఈ లాజరు వేరు, ధనవంతుడి వాకిట్లో పడి ఉన్న దరిద్రుడు.) నరకం ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రసంగీకులు ఎక్కువగా ఎత్తేది ఈ కథనే. నాలుక తడుపుకోవడానికి నీళ్ల చుక్క, దాటలేని అగాధం, అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ కథ ఎక్కడ ముగుస్తుందో చూడాలి. తన అయిదుగురు అన్నదమ్ములకు సాక్ష్యమివ్వడానికి లాజరును పంపమని ధనవంతుడు బతిమాలుకుంటాడు. అబ్రాహాము ఒప్పుకోడు. వాళ్లకు మోషే, ప్రవక్తలు ఉన్నారు, ఆ మాటలు విననివాళ్లు చచ్చినవాడు లేచొచ్చి చెప్పినా నమ్మరు అంటాడు. అంటే మరణాన్ని దాటి వచ్చి సాక్ష్యం చెప్పే మనిషి కావాలన్న కోరికను ఈ ఉపమానమే తోసిపుచ్చుతోంది. నరకం సాక్ష్యాలకు దీన్నే ఆధారంగా చూపించడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

మత్తయి 25లో తీర్పు దృశ్యం ఉంది. గొర్రెలు ఒకవైపు, మేకలు ఒకవైపు. అక్కడ అడిగే ప్రశ్నలు ఆకలి, దాహం, బట్టలు, జబ్బు, జైలు గురించే. నరకం వర్ణన ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. అన్నం పెట్టారా లేదా అన్నదే పదేపదే వస్తుంది.

మరి మన తలల్లో ఉన్న బొమ్మలు, అంటే నాలుకలకు వేలాడదీయడం, పాపానికో శిక్ష చొప్పున లెక్కగట్టడం, పక్కన నడుస్తూ చూపించే దేవదూత, ఇవన్నీ ఎక్కడివి? చాలా మటుకు రెండో శతాబ్దానికి చెందిన ‘పేతురు ప్రకటన’ అనే గ్రంథంలో మొదలయ్యాయి. అది బైబిల్లో చేరలేదు. దాన్ని సంఘంలో చదవడానికి కొందరు ఒప్పుకోవడం లేదని తొలినాటి పుస్తకాల జాబితా ఒకటి చెబుతోంది. 1886-87లో ఈజిప్టులోని అఖ్మీమ్‌లో ఒక సమాధిలో దాని గ్రీకు ప్రతి కొంత దొరికింది. దేవదూషణ చేసినవాళ్లు అందులో నాలుకలకు వేలాడుతుంటారు. వడ్డీ మీద వడ్డీ గుంజినవాళ్లు చీము, నెత్తురు నిండిన మడుగులో మోకాళ్ల దాకా మునిగి ఉంటారు. ఇంత భయంకరమైన పుస్తకంలో కూడా ఒక మెత్తని చోటుంది. శిక్షలో ఉన్నవాళ్లలో ఎవరికోసం నీతిమంతులు వేడుకుంటే వాళ్లను అప్పగిస్తానని ప్రభువు అనే మాట ఒక గ్రీకు శకలంలో మిగిలింది.

దాని వెనకే ‘పౌలు ప్రకటన’ వచ్చింది. పౌలు చెప్పకూడదన్నది చెప్పడానికే ఎవరో పుట్టించిన పుస్తకం అది. తార్సులో పౌలు ఉన్న ఇంటి పునాదిలో 388లో పాలరాతి పెట్టెలో దొరికిందని దాని ముందుమాట చెప్పుకుంటుంది. తొలినాటి సంఘపు వేదాంతి అగస్టీన్ దాన్ని తిప్పికొట్టాడు. పలకకూడని మాటలని పౌలే అంటే, ఆ మాటలతోనే పుస్తకం అల్లడం వ్యర్థుల దుస్సాహసం అన్నాడు. అయినా మధ్యయుగాల యూరప్ అంతా ఆ పుస్తకం చదివింది. అందులో నరకంలో ఉన్నవాళ్ల ఏడుపు విని పౌలు, దేవదూతలు కూడా ఏడుస్తారు. అప్పుడు క్రీస్తు వాళ్లకు ఆదివారం ఒక్కరోజు బాధ నుంచి విశ్రాంతి ఇస్తాడు. ఆ కల్పన రాసిన చెయ్యి కూడా అంతులేని బాధను తట్టుకోలేకపోయిందని నాకనిపిస్తుంది. 14వ శతాబ్దం మొదట్లో ఇటలీ కవి డాంటే తన మహాకావ్యం రాసే వేళకు ఈ సరుకంతా సిద్ధంగా ఉంది. ఆయన దానికి అద్భుతమైన కవిత్వాన్నీ, తన కాలపు రాజకీయ శత్రువుల పేర్లనూ జోడించాడు.

ఇంత చెప్పి దర్శనాలన్నీ బూటకమని నేను అనడం లేదు. చరిత్రలో నన్ను కదిలించిన దర్శనాలు రెండున్నాయి.

ఒకటి పెర్పెతువా చూసింది. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ జైల్లో, మృగాల పాలు కావడానికి ఎదురుచూస్తున్న ఇరవై రెండేళ్ల బాలింత ఆమె. జైల్లో జరిగింది ఆమె స్వయంగా రాసుకుంది. క్రైస్తవ స్త్రీ రాసినవాటిలో మనకు దక్కిన అతి పాత రచనల్లో అదొకటి. ఆమె తమ్ముడు దినోక్రతేసు ఏడేళ్ల వయసులో ముఖం మీద పుండు ముదిరి చనిపోయాడు. ఒకరోజు ప్రార్థనలో వాడి పేరు అనుకోకుండా నోటికొచ్చింది. ఆ రాత్రి దర్శనంలో వాడు చీకటి చోటు నుంచి బయటికొస్తూ కనిపించాడు. ఒళ్లంతా మురికి, ముఖం మీద అదే పుండు, దాహం. ఎదురుగా నీళ్ల తొట్టి ఉంది, కానీ దాని గట్టు పిల్లవాడి తలకన్నా ఎత్తు. మునివేళ్ల మీద లేచినా అందడం లేదు. పెర్పెతువా రాత్రీ పగలూ ఏడుస్తూ వాడి కోసం ప్రార్థించింది. కొన్ని రోజులకు మళ్లీ చూసింది. తొట్టి గట్టు వాడి నడుం దాకా దిగింది. పుండు మాని మచ్చ మిగిలింది. వాడు కడుపునిండా నీళ్లు తాగి, పిల్లలు ఆడుకున్నట్టు ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.

ఈ దర్శనాన్ని సిద్ధాంతంగా మార్చడానికి తర్వాతివాళ్లు ఎంతో తంటాలు పడ్డారు. బాప్తిస్మం పొందని పిల్లవాడికి విముక్తి దొరికిందని ఒకరు వాదిస్తే, వాడు బాప్తిస్మం పొందే ఉంటాడని అగస్టీన్ జవాబిచ్చాడు. పెర్పెతువాకు ఆ గొడవే లేదు. ఆమె చూసిన దృశ్యం ఆమెను మోకాళ్ల మీదికి తెచ్చింది. దాన్ని చూపించి ఆమె ఎవర్నీ బెదిరించలేదు.

రెండోది డ్రైత్‌హెల్మ్ అనే ఇంగ్లండు గృహస్థుది. 731లో బీడ్ అనే సన్యాసి ముగించిన చరిత్ర గ్రంథంలో ఈ కథ ఉంది. జబ్బుతో రాత్రి మొదట్లో చనిపోయి తెల్లవారుతుండగా లేచి కూర్చున్నాడు. చుట్టూ ఏడుస్తున్నవాళ్లంతా పారిపోయారు, భార్య ఒక్కతే వణుకుతూ నిలబడింది. అతను ఒక లోయ చూశాడు. ఒకవైపు మంట, ఒకవైపు మంచు, ఆత్మలు అటూ ఇటూ విసిరేయబడుతున్నాయి. ఇదే నరకం అనుకుంటుంటే, నువ్వనుకునే నరకం ఇది కాదన్నాడు వెంట ఉన్న దూత. తర్వాత పూల మైదానం చూసి ఇదే పరలోకం అనుకుంటే, నువ్వనుకునే పరలోకం ఇది కాదన్నాడు. తిరిగొచ్చాక అతను ఆస్తిని మూడు వాటాలు చేసి, భార్యకొకటి, పిల్లలకొకటి ఇచ్చి, తన వాటా పేదలకు పంచేశాడు. మెల్రోజ్ మఠంలో సన్యాసిగా చేరాడు. చలికాలంలో మంచుపెళ్లలు కొట్టుకొచ్చే నదిలో నిలబడి ప్రార్థించేవాడు. ఇంత చలి ఎలా ఓర్చుకుంటున్నావని అడిగితే, ఇంతకన్నా చలి చూశాను అనేవాడట. బీడ్ రాసిన మరో మాట ఇంకా ముఖ్యం. తాను చూసినవి అడిగిన ప్రతివాడికీ అతను చెప్పేవాడు కాదు. శిక్షకు భయపడి దిద్దుకోవాలనుకునేవాళ్లకు, భక్తిలో ఎదగాలనుకునేవాళ్లకు మాత్రమే చెప్పేవాడు. ఇవాళ వేదిక ఎక్కే సాక్ష్యం ఏదైనా ఈ కొలతకు ఎంతవరకు నిలుస్తుంది?

చూసినవాళ్లు నిజాయితీపరులైనా, వాళ్లు చూసినవి వాళ్ల ఊహల అచ్చులోనే ఉంటాయి. ఆరో శతాబ్దం చివర్లో పోప్ మహా గ్రెగరీ రాసిన ఒక ముచ్చట వినండి. స్తెఫను అనే పెద్దమనిషి కాన్‌స్టాంటినోపుల్‌లో చనిపోతాడు. న్యాయాధిపతి ముందుకు తీసుకెళ్తే, నేను తెమ్మన్నది ఇతణ్ణి కాదు, కమ్మరి స్తెఫనును అంటాడు ఆయన. ఇతను లేస్తాడు, పొరుగునున్న కమ్మరి అదే గంటలో చనిపోతాడు. 1986లో సత్వంత్ పస్రిచా, ఇయాన్ స్టీవెన్సన్ అనే పరిశోధకులు భారతదేశంలో సేకరించిన మరణాంచు అనుభవాల్లోనూ ఇదే తీరు కనిపించింది. యమదూతలు తీసుకెళ్లారు, పేరు పొరపాటైంది, వెనక్కి పంపేశారు. మతాలు వేరు, మధ్యలో 1400 ఏళ్లు, కథ నడక మాత్రం ఒకటే. 2001లో ద లాన్సెట్ పత్రికలో వచ్చిన డచ్ అధ్యయనంలో, గుండె ఆగి మళ్లీ బతికిన 344 మందిలో 62 మంది ఏదో ఒక అనుభవం చెప్పారు. అనుభవాలున్నాయన్నది కాదనలేం. కానీ అవి మరణపు గుమ్మం దగ్గరివి. లోపలి గదుల మ్యాపు వాటి నుంచి గీయలేం.

నిజాయితీ కూడా లేకపోతే ఏమవుతుందో అమెరికాలో తేలింది. కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడిన ఆరేళ్ల బాబు పరలోకం చూసొచ్చాడని 2010లో ఒక పుస్తకం వచ్చి బాగా అమ్ముడుపోయింది. 2015 జనవరిలో, అప్పటికి టీనేజ్‌లో ఉన్న ఆ అబ్బాయే బహిరంగ లేఖ రాశాడు. తాను చనిపోలేదనీ, పరలోకానికి వెళ్లలేదనీ, అందరూ తనను పట్టించుకుంటారని అలా చెప్పాననీ అన్నాడు. ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. నేను ఆ అబ్బాయిని తప్పుపట్టను. మంచం పట్టిన పసివాడు చెప్పినదాన్ని సరుకు చేసి అమ్మిన పెద్దవాళ్లదే ఆ పాపం. బైబిల్ చాలదన్నట్టు ఆ పుస్తకం కోసం ఎగబడ్డ సంఘాలదీ అందులో వాటా ఉంది.

భయం పనిచేస్తుంది కదా, దానివల్ల మారుమనసు పొందినవాళ్లున్నారు కదా అని అడుగుతారు. ఉన్నారు. 1741 జులై 8న కనెటికట్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో జోనథన్ ఎడ్వర్డ్స్ నరకం మీద ప్రసంగిస్తుంటే, జనం పెట్టిన కేకలకు ఆయన మధ్యలో ఆపాల్సి వచ్చింది. ఆ సభలో కదిలిన హృదయాలు లేవని నేననను. అయితే పెద్దవాళ్లను కదిలించే భయం వేరు, పిల్లల మీద పడే భయం వేరు. రాత్రి మెలకువ వచ్చి ఇంట్లో చప్పుడు లేకపోతే, క్రీస్తు రాకడలో అందరూ పరలోకానికి ఎత్తబడిపోయి తను ఒక్కడే మిగిలిపోయానేమోనని అమ్మ ఊపిరి వినడానికి వెళ్లే పిల్లవాడికి దేవుడి మీద ప్రేమ ఎలా పుడుతుంది? యోహాను తన మొదటి పత్రికలో ప్రేమలో భయం ఉండదన్నాడు. భయం దండనతో ముడిపడినదని కూడా అన్నాడు.

పెద్దవాళ్ల గుండెల్లో నలిగే బాధ ఇంకోటి. బాప్తిస్మం పొందకుండా చనిపోయిన పసిబిడ్డలకు దేవుని దర్శనం దక్కదని కేథలిక్ లోకంలో వందల ఏళ్లు బోధించారు. 2007లో ఆ సంఘపు అంతర్జాతీయ వేదాంత కమిషన్, ఆ పిల్లల రక్షణ గురించి ఆశపడటానికి బలమైన కారణాలున్నాయని చెప్పింది. ఆ మాట వినకుండానే ఎన్ని తరాల తల్లులు కన్నుమూశారో.

నరకం స్వభావం మీద క్రైస్తవుల్లో ఎప్పుడూ ఒకే మాట లేదు. అంతులేని బాధ అని అగస్టీన్ గట్టిగా వాదించాడు, పశ్చిమ సంఘాల్లో ఆ మాటే నిలిచింది. చివరికి అందరూ బాగుపడతారని నాలుగో శతాబ్దంలో నిస్సాకు చెందిన గ్రెగరీ ఆశపడ్డాడు. దుష్టులు చివరికి నశించిపోతారేమోనని 1988లో ఇంగ్లండు పాస్టర్ జాన్ స్టాట్ జంకుతూనే రాశాడు. ఏడో శతాబ్దంలో సిరియక్ భాషలో రాసిన సన్యాసి, నీనెవె ఇస్సాకు మాట నాకు ఎక్కువ దగ్గర. నరకంలో ఉన్నవాళ్లను కొట్టేది ప్రేమ కొరడాయే అన్నాడు. ప్రేమకు ద్రోహం చేశామని తెలిసొచ్చిన బాధకన్నా పెద్ద శిక్ష లేదన్నాడు.

నరకమే లేదనడం నాకు సాధ్యం కాదు. ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో చంపబడ్డవాళ్ల ఆత్మలు బలిపీఠం కింద నుంచి, నాథా, ఎందాక తీర్పు తీర్చకుండా ఉంటావని కేక వేస్తాయి. ఈ లోకంలో న్యాయం దొరకక చచ్చిపోయినవాళ్ల కేక అది. దానికి జవాబు లేని పరలోకం నాకు అక్కర్లేదు. అదే గ్రంథం 21వ అధ్యాయంలో నూతన యెరూషలేము భూమి మీదికి దిగివస్తుంది. మనం ఎక్కడికో ఎగిరిపోతామని అక్కడ లేదు, దేవుడే మనుషులతో కాపురముంటాడని ఉంది. ఆ పట్టణపు గుమ్మాలు పన్నెండు, అవి పగటివేళ మూసి ఉండవు, అక్కడ రాత్రే ఉండదు. ఆయన వాళ్ల కళ్లలో ప్రతి బాష్పబిందువునూ తుడిచివేస్తాడు. చనిపోయినవారి గురించి విశ్వాసికి ఇచ్చిన నిరీక్షణ ఇది.

ఇక ఎవరు లోపల, ఎవరు బయట అన్న లెక్క. కేథలిక్ సంఘం వేల మందిని పరిశుద్ధులుగా ప్రకటించింది. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని మాత్రం అధికారికంగా ఒక్కరి గురించీ ప్రకటించలేదు, యేసును అప్పగించిన యూదా గురించి కూడా. సిలువ మీద దొంగకు, నేడే నాతో పరదైసులో ఉంటావని యేసు మాటిచ్చాడు. వాళ్లిద్దరి మధ్య జరిగిన ఆ మాటలు కింద నిలబడ్డవాళ్లలో ఎంతమందికి వినిపించాయో తెలియదు. వినబడకపోయి ఉంటే, ఆ సాయంత్రం ఇంటికెళ్లి, ఆ దొంగ నరకానికే పోయాడని వాళ్లు నిశ్చింతగా చెప్పి ఉండేవారు. ఆఖరి ఊపిరిలో ఒక మనిషికీ దేవుడికీ మధ్య ఏం జరిగిందో వేదిక మీద మైకు పట్టుకున్నవారికి తెలిసే దారి లేదు. కాబట్టి శవపెట్టె ముందు నిలబడి, కన్నవాళ్లు వింటుండగా, చనిపోయిన బిడ్డ ఎక్కడికి వెళ్లాడో చెప్పే పాస్టర్‌ను సంఘ పెద్దలు అక్కడే ఆపాలి. సండే స్కూల్లో నరకం వీడియోలు వేయడం కూడా మానేయాలి.